పీరియడ్స్ వచ్చాయి గానీ పొడుగు పెరగలేదు: ఒక ఎనిమిదేళ్ళ పాప కేసు

ఈ పాప మా దగ్గరికి వచ్చింది వైద్యానికి కాదు, ఆపరేషన్‌కి ఫిట్‌నెస్ కాగితం రాయించుకోడానికి. ఎనిమిదేళ్ళు దాటి రెండు నెలలు, మూడో క్లాసు. స్కాన్‌లో రెండు ఓవరీల్లోనూ నీటి బుడగలు, పెద్దది 5 సెంటీమీటర్లు, లాప్రోస్కోపీకి తారీఖు కూడా ఇచ్చేశారు. మత్తు డాక్టర్ గారు మాత్రం నాడి మరీ నెమ్మదిగా ఉంది, రక్తం కూడా తక్కువుంది, ముందు పిల్లల డాక్టర్‌కి చూపించుకుని రండి, మత్తు సంగతి తర్వాత చూద్దాం అన్నారట. ఆ ఒక్క మాటతో పాపకి ఎంత గండం తప్పిందో కింద చదివితే తెలుస్తుంది.

కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నా. ఊరు, ఇంటి వివరాలు, కొన్ని తారీఖులు మార్చేశా, ల్యాబ్ అంకెలు కూడా కాస్త అటూ ఇటూ చేశా, వైద్యం పరంగా మాత్రం కథ మారలేదు. ఎందుకు రాయడం అంటే, ఆడపిల్లకి తొందరగా పీరియడ్స్ వచ్చాయి అనగానే ఇంట్లోవాళ్ళ చూపూ, చాలాసార్లు మన డాక్టర్ల చూపూ ఆ రక్తం మీదే ఉండిపోతుంది, పిల్లని గోడకి ఆనించి పొడుగు కొలిచేవాళ్ళు తక్కువ. ఈ పాప విషయంలో జవాబు మొత్తం అక్కడే ఉంది.

ముందు సంగతులు

నెలలు నిండి పుట్టింది, పుట్టిన బరువు బాగానే ఉంది, నడక, మాటలు అన్నీ టైంకే వచ్చాయి. మేనరికం కాదు. నాన్న చెరువుల మీద పని, అమ్మ ఇంట్లో మిషన్ కుడుతుంది, పాపకి తిండీ మందులూ అన్నీ మామ్మగారి చేతి మీదే. తర్వాత ఒక చెల్లి, ఆరేళ్ళు.

చదువులో పాప గురించి టీచర్లు చాలా మంచిగా చెప్తారట. అల్లరి లేదు, కూచోబెట్టిన చోట కూచుంటుంది, దస్తూరి ముత్యాల్లా ఉంటుంది, ఆటల పీరియడ్‌లో కూడా గట్టు మీద కూచుని చూస్తుంది అని. మామ్మగారు ఇది గర్వంగానే చెప్పారు. నేను రాసుకున్నది మాత్రం వేరే అర్థంలో.

ఇంకో మాట వాళ్ళమ్మ మామూలుగా, నేను అడక్కుండానే అంది. "దీనికి బట్టల ఖర్చు లేదండి, ఒకటో క్లాసులో కుట్టిన గౌన్లే ఇప్పటికీ పొడుగు సరిపోతన్నాయి, నడుం దగ్గరే బిగుతైతే విప్పి మళ్ళీ కుడతన్నా." మిషన్ కుట్టే మనిషి కాబట్టి ఆవిడకి కొలతలు గుర్తుంటాయి. రెండేళ్ళుగా పొడుగు కొలత మారలేదు, నడుం కొలత మారింది. పిల్లల డాక్టర్లకి ఇంతకన్నా మంచి హిస్టరీ ఎవరిస్తారు చెప్పండి.

వచ్చిన కష్టం

నాలుగు నెలల కింద మొదటిసారి బ్లీడింగ్ అయింది, నాలుగైదు రోజులు. ఇంట్లో ఏడ్చారట, మరీ ఇంత చిన్నపిల్లకా అని. అయినా మామ్మగారు పద్ధతి తప్పనివ్వలేదు, బయటికి చెప్పకుండా చాప మీద కూచోబెట్టి, చిమ్మిలి తినిపించి, మేనమామ చేత బట్టలు పెట్టించారు. తర్వాత నెలన్నరకి మళ్ళీ అయింది. మూడోసారి పది రోజులు ఆగలేదు, గడ్డలు గడ్డలుగా పడింది, పాప స్కూల్లో కళ్ళు తిరిగి పడిపోయింది. అప్పుడు హాస్పిటల్‌కి పరిగెత్తారు.

కారణం మాత్రం బంధువులు అప్పటికే తేల్చేశారు, బాయిలర్ కోడి. ప్రతి ఇంట్లోనూ ఇదే మాట కాబట్టి ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతా. బ్రాయిలర్ కోడి ఆరు వారాల్లో అంత బరువు రావడానికి కారణం ఆ జాతి, ఆ మేత. కోడికోడినీ పట్టుకుని హార్మోన్ ఇంజెక్షన్ పొడిచేంత తీరిక, లాభం ఏ ఫారం వాడికీ లేవు. పిల్లలు లావెక్కితే ఈడు కాస్త ముందుకి రావచ్చు, అది నిజమే, కానీ అది ఏ తిండి ఎక్కువ తిన్నా వచ్చేదే. ఈ పాప అసలు సరిగ్గా తినదు కూడా.

మా దగ్గరికి రాకముందు చేసినవి

మొదట ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు, రక్తం తగ్గడానికి. తగ్గింది, పూర్తిగా ఆగలేదు. తర్వాత నోరెథిస్టిరోన్ అనే హార్మోన్ మాత్రలు ఇచ్చారు, వేసుకున్నన్నాళ్ళు ఆగింది, మానేసిన మూడోరోజుకే మళ్ళీ మొదలు. అప్పుడు స్కాన్ తీయిస్తే రెండు ఓవరీలూ పెద్దవైపోయి నిండా బుడగలు, గర్భసంచి కూడా ఎనిమిదేళ్ళ పిల్లకి ఉండాల్సిన సైజు కాదు, పెద్దపిల్లకి ఉన్నట్టుంది. సీఏ 125 అనే రక్తపరీక్ష చేస్తే కాస్త ఎక్కువొచ్చింది. ఇంక ఇంట్లో క్యాన్సర్ అనే మాట మొదలైంది. కణితి ఉందేమో చూసే మిగతా రక్తపరీక్షలు, ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, నార్మల్. మధ్యలో ఇంకొకరు ఈడు ముందుకి సాగకుండా ఆపడానికి మూడు నెలలకి ఒకసారి చేసే ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్ వేయిద్దాం అన్నారు, రేటు విని వాళ్ళు వెనక్కి వచ్చేశారు.

ఇక్కడ ఎవర్నీ తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. రక్తం పోతుంటే ఆపడానికి చూస్తాం, ఐదు సెంటీమీటర్ల బుడగ కనిపిస్తే కణితి అనుకుంటాం, ఈడు తొందరగా వస్తే ఆపే ఇంజెక్షన్ గుర్తొస్తుంది. విడివిడిగా చూస్తే ప్రతి అడుగుకీ ఒక లాజిక్ ఉంది. అన్నీ కలిపి పాపని తల నుంచి కాలి దాకా చూసే పని మిగిలిపోయింది, అంతే.

చూస్తే ఏం కనపడింది

పొడుగు 109 సెంటీమీటర్లు, గ్రోత్ చార్ట్‌లో అట్టడుగు గీతకి కూడా కింద. బరువు 24 కిలోలు. పక్కనే నిలబడ్డ ఆరేళ్ళ చెల్లి 112. అక్కా చెల్లెళ్ళని పక్కపక్కన నిలబెడితే గదిలో ఎవరికీ ఇంకేం చెప్పక్కర్లేకపోయింది, వాళ్ళ నాన్న "అవునండీ, చిన్నది దాటేసింది" అని తనే అన్నాడు.

మొహం ఉబ్బు, చర్మం పొడిబారి గరుకుగా, వీపు మీద నూగు, అరచేతులు పసుపు రంగు. నాడి నిమిషానికి 60, ఈ వయసుకి చాలా తక్కువ. మడమ వెనక సుత్తితో తడితే పాదం కదిలింది గానీ వెనక్కి రావడానికి తీరిగ్గా టైం తీసుకుంది. గొంతు దగ్గర థైరాయిడ్ గ్రంథి కొంచెం పెరిగి గట్టిగా తగిలింది. అడిగితే మలబద్ధకం, మూడు నాలుగు రోజులకోసారి, మే నెలలో కూడా ఫ్యాన్ వేస్తే దుప్పటి కప్పుకుంటుందట.

ఈడు లక్షణాల్లోకి వస్తే ఛాతీ ఐదు దశల్లో మూడో దశ దాకా వచ్చింది, నొక్కితే చుక్క పాలలాంటి ద్రవం వచ్చింది. కానీ చంకల్లో గానీ జననాంగం దగ్గర గానీ ఒక్క వెంట్రుక లేదు, చెమట వాసన లేదు, మొటిమలు లేవు. ఒంటి మీద పెద్ద గోధుమరంగు మచ్చలు కూడా లేవు. ఆ మచ్చలూ, ఎముకల్లో తేడా, తొందరగా పీరియడ్స్ కలిసి వచ్చే మెక్యూన్ ఆల్బ్రైట్ అనే జబ్బు ఒకటి ఉంది కాబట్టి వాటికోసం ప్రత్యేకంగా వెతకాలి.

మామూలుగా ఎలా రావాలి

ఆడపిల్లల్లో ఈడు రావడానికి ఒక వరస ఉంటుంది. ఎనిమిది నుంచి పదమూడేళ్ళ మధ్య ఎప్పుడైనా ముందు ఛాతీ దగ్గర చిన్న గట్టి మొగ్గలా మొదలవుతుంది, ఒకవైపే ముందు రావచ్చు, నొప్పి కూడా ఉండొచ్చు, గడ్డ అనుకుని కంగారుపడి వచ్చేవాళ్ళు చాలామంది. తర్వాత కొన్ని నెలలకి వెంట్రుకలు, కొంతమందిలో ఇవే ముందు. ఈలోపు పిల్ల ఒక్కసారిగా సాగుతుంది, అప్పటిదాకా ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు పెరిగేది ఆ ఏడాది 8 దాకా పెరుగుతుంది. పీరియడ్ వచ్చేది ఇవన్నీ అయ్యాక, ఛాతీ మొదలైన రెండు, రెండున్నరేళ్ళకి. అంటే పెద్దమనిషి అయ్యేసరికే పొడుగులో పెద్ద భాగం అయిపోయి ఉంటుంది, ఆ తర్వాత ఇంకో 5 నుంచి 7 సెంటీమీటర్లు వస్తే గొప్ప. "పెద్దమనిషి అయింది కదా, ఇంక ఇప్పుడు పొడుగు సాగుతుంది" అనే మాట మన దగ్గర ఎక్కువ వినిపిస్తుంది, నిజం దానికి తలకిందులు.

ఎనిమిదికి ముందే ఛాతీ మొదలైతే చూపించాలి. పదమూడు దాటినా అసలు మొదలవకపోతే చూపించాలి, అందులో పిల్ల పొట్టిగా కూడా ఉంటే టర్నర్ సిండ్రోమ్ (ఒక ఎక్స్ క్రోమోజోమ్ లోపించే జబ్బు) కోసం కార్యోటైప్ అనే క్రోమోజోమ్ పరీక్ష చేయించాల్సిందే, "మా మేనత్తకీ లేటే" అని ఆగకూడదు. పదిహేను నిండినా, లేదా ఛాతీ మొదలై మూడేళ్ళయినా పీరియడ్ రాకపోతే కూడా అంతే. వయసు హద్దులు అందరికీ తెలుసు, పుస్తకాల్లో ఉంటాయి. వరస తప్పిందా అన్నది మాత్రం తక్కువమంది చూస్తారు. ఈ పాపలో ఛాతీ వచ్చింది, పీరియడ్స్ వచ్చాయి, వెంట్రుకలు లేవు, పొడుగు సాగడం లేకపోగా మామూలుగా పెరగాల్సింది కూడా పెరగలేదు. నిజంగా మెదడు నుంచి ఆర్డర్ వచ్చి ఈడు మొదలైతే ఇలా జరగదు.

ఆలోచన ఎలా సాగింది

ముందు అసలు రక్తం ఎక్కడిది అన్నది తేల్చుకోవాలి. చిన్నపిల్లల్లో లోపల ఏదైనా వస్తువు ఇరుక్కున్నా, ఇన్ఫెక్షన్ ఉన్నా, మూత్రనాళం చివర బయటికి జారినా, దెబ్బ తగిలినా రక్తం వస్తుంది, ఎవరైనా పాడు పని చేసినా వస్తుంది. ఇది అడగడం ఇబ్బందే, అయినా అడగకుండా వదలకూడదు. వాళ్ళమ్మతో విడిగా, పాపతో మా నర్సు ఉండగా నిదానంగా మాట్లాడాం, బయట నుంచి పరీక్ష చేశాం, అనుమానించడానికి ఏమీ దొరకలేదు. అనుమానం వచ్చి ఉంటే 2012 పోక్సో చట్టం ప్రకారం చెప్పి తీరాలి, కుటుంబం వద్దన్నా సరే. స్కాన్‌లో గర్భసంచి పొర మందంగా ఉంది కాబట్టి ఇది లోపల నుంచి వచ్చిన పీరియడ్ లాంటి రక్తమే అని నిర్ధారించుకున్నాం.

తర్వాతది పాత పొడుగు. ఇప్పటి కొలత ఒక్కటే ఉంటే పిల్ల పుట్టుకతోనే పొట్టిదా, మధ్యలో ఆగిందా చెప్పలేం. అంగన్వాడీలో బడికి వెళ్ళేముందు కొలిచిన లెక్క దొరికింది, నాలుగేళ్ళ పది నెలలప్పుడు 103. అంటే మూడేళ్ళ పైన 6 సెంటీమీటర్లే, రావాల్సింది 16 పైమాటే. నమ్మకం కుదరక స్కూల్ గ్రూప్ ఫొటోలు తెమ్మన్నా. యూకేజీ ఫొటోలో వెనక వరసలో నిలబడి ఉంది, రెండో క్లాసు ఫొటోలో ముందు వరసలో కింద కూచోబెట్టారు. పాత కొలతలు లేని ఇంట్లో ఈ గ్రూప్ ఫొటో చాలా పని చేస్తుంది, నేను తరచూ అడుగుతుంటా. పుట్టుకతో వచ్చిన థైరాయిడ్ లోపం కాదు, నాలుగైదేళ్ళ తర్వాత మొదలైంది అన్నది కూడా దీంతోనే తేలిపోయింది. అందుకే తెలివితేటలకి దెబ్బ తగల్లేదు, మెదడు పెరిగే మొదటి రెండు మూడేళ్ళూ హార్మోన్ సరిగ్గానే ఉంది.

రక్తపరీక్షలు వచ్చేలోపు ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీయించా. చవకది, పది నిమిషాల పని, ఈ మొత్తం కేసులో అంత మలుపు తిప్పిన పరీక్ష ఇంకోటి లేదు. ఈడు తెచ్చే ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్ ఒంట్లో తిరుగుతుంటే ఎముక ముందుకి పరిగెత్తాలి, ఎనిమిదేళ్ళ పిల్లకి పదేళ్ళ ఎముక కనపడాలి. ఈ పాప ఎముక వయసు ఐదేళ్ళు. ఈడు ముందుకొచ్చి ఎముక వెనకపడటం అనేది ఇంచుమించు ఒకే ఒక్క జబ్బులో జరుగుతుంది, చాన్నాళ్ళు ఎవరూ పట్టించుకోని తీవ్రమైన హైపోథైరాయిడిజం, అంటే థైరాయిడ్ హార్మోన్ లోపం.

రిపోర్టులు మర్నాడు వచ్చాయి. థైరాయిడ్‌ని పనిచెయ్యమని పురమాయించే హార్మోన్ టీఎస్‌హెచ్, మెషిన్ కొలవగలిగిన హద్దు దాటిపోయింది, 100 కన్నా ఎక్కువ అని మాత్రమే రాశారు. థైరాయిడ్ తయారుచేసే హార్మోన్ ఫ్రీ టీ4 మాత్రం 0.2, చాలా తక్కువ. యాంటీ టీపీఓ చాలా ఎక్కువ, అంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థే థైరాయిడ్‌ని తినేసే హషిమోటో జబ్బు. పాలు రప్పించే హార్మోన్ ప్రొలాక్టిన్ 68, ఎక్కువ. నిజమైన ఈడు మొదలైతే పెరగాల్సిన ఎల్‌హెచ్ 0.1 లోపే, ఓవరీని పనిచేయించే ఎఫ్‌ఎస్‌హెచ్ 6 పైన, ఈస్ట్రాడియోల్ (ఒంట్లోని ముఖ్యమైన ఈస్ట్రోజెన్) పెద్దపిల్లల్లో ఉన్నంత. హిమోగ్లోబిన్ 7.8. కొలెస్ట్రాల్ 290. ఎకోలో గుండె చుట్టూ కొద్దిగా నీరు.

ఇదేం కొత్త జబ్బు కాదు. 1960లో వాన్ విక్, గ్రంబాక్ అనే ఇద్దరు అమెరికన్ డాక్టర్లు ఇలాంటి ఆడపిల్లల గురించే రాశారు, థైరాయిడ్ లోపం, తొందరగా పీరియడ్స్, పాలు రావడం కలిసి ఉండటం, థైరాయిడ్ మందు ఇస్తే అన్నీ వెనక్కి పోవడం. వాళ్ళ పేర్లే జబ్బుకి పెట్టారు. ఎందుకు జరుగుతుందంటే, థైరాయిడ్ పలకట్లేదని మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్ పెంచుకుంటూ పోతుంది. టీఎస్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ ఒక ముక్క ఉమ్మడిగా ఉన్న అన్నదమ్ముల్లాంటి హార్మోన్లు. లోపల గదిలో నిద్రపోయేవాణ్ణి లేపడానికి గొంతు చించుకుని అరిస్తే పక్కింటివాడు లేచి కూచున్నట్టు, అంత టీఎస్‌హెచ్‌కి ఓవరీ తనని పిలిచారనుకుని లేచి, బుడగలు కట్టి, ఈస్ట్రోజెన్ చేసేస్తుంది. ఆ పైన మెదడులో టీఎస్‌హెచ్‌ని పురమాయించే టీఆర్‌హెచ్ అనే హార్మోన్ పెరిగి ప్రొలాక్టిన్‌ని కూడా పెంచుతుంది, పాలు అందుకే. వెంట్రుకలు రప్పించే హార్మోన్లు చేసే అడ్రినల్ గ్రంథిని ఎవరూ లేపలేదు కాబట్టి వెంట్రుకలు రాలేదు. థైరాయిడ్ లేకుండా ఎముక పెరగదు కాబట్టి పొడుగు ఆగింది. పాప ఒంటి మీద కనపడ్డ ప్రతిదానికీ ఇందులో సమాధానం దొరికింది, ఒక్కటీ మిగల్లేదు.

తీసుకున్న నిర్ణయాలు

ఆపరేషన్ ఆపించేశాం, సర్జన్‌తో నేనే మాట్లాడా, రిపోర్టులు చూసి ఆవిడ వెంటనే ఒప్పుకున్నారు. థైరాయిడ్ ఇంత పడిపోయి, గుండె చుట్టూ నీరుండి, రక్తం లేని పిల్లకి మత్తిస్తే మళ్ళీ తెలివి రావడమే కష్టం కావచ్చు. ఓవరీ కోసేస్తే అది తిరిగి రాదు, ఈ బుడగలేమో మందుతో పోయేవే. ఒక్క ప్రమాదం ఉంది, బరువెక్కిన ఓవరీ మెలి తిరగొచ్చు. అందుకని హఠాత్తుగా పొత్తికడుపులో భరించలేని నొప్పి, వాంతులు వస్తే రాత్రయినా సరే వచ్చేయమని కాగితం మీద రాసిచ్చాం. సీఏ 125 గురించి కూడా వాళ్ళకి విడమరిచి చెప్పాల్సొచ్చింది, ఇది క్యాన్సర్ ఉంటేనే పెరిగే పరీక్ష కాదు, ఇలా బుడగలున్నా, ఒంట్లో నీరు చేరినా పెరుగుతుంది అని.

తలకి ఎమ్మారై విషయంలో రెండు మనసులయ్యాయి. ప్రొలాక్టిన్ ఎక్కువుంది కదా తీయించొచ్చు. కానీ తీస్తే ఏం కనపడుతుందో ముందే తెలుసు, ఇంత టీఎస్‌హెచ్ చేస్తున్న పిట్యూటరీ ఉబ్బే ఉంటుంది, రిపోర్టులో అడినోమా (గ్రంథిలో కణితి) అని ఒక ప్రశ్నార్థకం పడితే ఇప్పుడే క్యాన్సర్ భయం నుంచి బయటపడ్డ ఇల్లు మెదడు ఆపరేషన్ భయంలో పడుతుంది. తలనొప్పి లేదు, కంటి డాక్టర్ చూసి చూపూ కంటి వెనక నరమూ బాగున్నాయన్నారు. మూడు నెలల్లో ప్రొలాక్టిన్ దిగకపోతే అప్పుడు తీద్దాం అని రాసుకుని ఆగాం. ఈడు ఆపే ఇంజెక్షన్ మాత్రం ఆలోచించక్కర్లేకపోయింది, ఎల్‌హెచ్ అసలు లేవనే లేదు, ఆ మందు ఆపేది ఆ దారినే, ఆగి ఉన్నదాన్ని ఇంక ఏం ఆపుతుంది.

థైరాక్సిన్, అంటే థైరాయిడ్ హార్మోన్ మాత్ర, మొత్తం డోసు మొదటిరోజే ఇవ్వలేదు. ఏళ్ళ తరబడి నెమ్మదిగా నడిచిన గుండెని ఒక్కసారిగా పరిగెత్తించకూడదు, నీరు కూడా ఉంది, పైగా తొందరపడితే కొంతమంది పిల్లల్లో తలలో ఒత్తిడి పెరిగి తలనొప్పి, చూపు మసక వస్తాయి. 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి రెండు వారాలకి 50, ఇంకో రెండు మూడు వారాలకి 75కి వెళ్దాం అనుకున్నాం. రక్తం ఎక్కించలేదు, అప్పటికి బ్లీడింగ్ ఆగి ఉంది, ఐరన్ సిరప్ ఇచ్చాం.

ఇంట్లో అసలు గొడవ మందు పేరుతో మొదలైంది. "థైరాయిడ్ మాత్రా, ఒకసారి మొదలెడితే జీవితాంతం వేసుకోవాలంట కదండీ, ఆడపిల్ల, రేపు సంబంధాలొస్తే ఏం చెప్తాం" అని నాన్న. ఓవరీ కోయించడానికి ఒప్పుకున్న మనిషి మాత్రకి వెనకాడటం విచిత్రంగా అనిపించొచ్చు గానీ ఆపరేషన్ ఒకరోజులో అయిపోతుంది, ఎవరికీ తెలీదు, మాత్ర రోజూ కనపడుతుంది, అదీ ఆయన భయం. చాలాకాలమే వేసుకోవాలి అని దాచకుండా చెప్పా. ఇది బయటి మందు కాదు, పాప ఒంట్లో తయారవాల్సిందే మనం అందిస్తున్నాం, ఇది వేసుకుంటే పెరుగుతుంది, చదువుతుంది, రేపు పిల్లలు పుట్టడానికి కూడా ఇబ్బందుండదు, మానేస్తే మళ్ళీ ఇదే పరిస్థితి అని. ఒప్పించింది మాత్రం నా మాటలు కాదు, గౌన్ల సంగతి. వచ్చే ఉగాదికి ఈ గౌన్లు పొట్టి కాకపోతే అప్పుడు నన్నడగండి అన్నా, వాళ్ళమ్మ అక్కడ తల ఊపింది.

కుదరని చోట

ఆరు వారాలకి వచ్చారు. టీఎస్‌హెచ్ ఇంకా హద్దు పైనే, ఫ్రీ టీ4 కొంచెం కూడా కదల్లేదు. నాలుగు రోజులు మళ్ళీ బ్లీడింగ్ అయిందట. నాన్న మొహంలో "చెప్పానా" అన్నట్టుంది. ఇలాంటప్పుడు చెయ్యి డోసు పెంచడానికే వెళ్తుంది. కానీ ఈ బరువు పిల్లకి 75 నిజంగా ఒంట్లోకి వెళ్తుంటే టీ4 అస్సలు కదలకుండా ఉండదు, మందు చాలకపోవడం వేరు, లోపలికి చేరకపోవడం వేరు. అందుకని మామ్మగారినే అడిగా, పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేస్తారో వరసగా చెప్పండి మామ్మగారూ అని.

ఆవిడ చాలా శ్రద్ధగా, ఒక్కరోజు కూడా తప్పకుండా ఇస్తున్నారు. వేడి పాలతో మాత్ర మింగించి, ఆ వెంటనే ఐరన్ సిరప్ పట్టించి, అన్నీ ఒకేసారి అయిపోతాయి, స్కూల్ టైంకి హడావిడి ఉండదు అని. పాలల్లోని కాల్షియం, ఐరన్ రెండూ థైరాక్సిన్‌ని పట్టేసుకుని పేగులోంచి లోపలికి వెళ్ళనివ్వవు. ఎంత శ్రద్ధగా వేసినా చాలావరకు వృథా. సీసా కూడా పొయ్యి పక్కన అలమరలో ఉంది, వేడికి మందు బలం తగ్గుతుంది.

డోసు ముట్టుకోలేదు. లేవగానే మంచినీళ్ళతో మాత్ర, పాలూ టిఫినూ ముప్పావుగంట తర్వాత, ఐరన్ సాయంత్రం స్కూల్ నుంచి వచ్చాక, సీసా బీరువాలో. కాగితం మీద రాసిస్తే మామ్మగారు చదవలేరు కాబట్టి సూర్యుడు, చంద్రుడు బొమ్మలు వేసి ఇచ్చాం.

ఆ తర్వాత

మార్చిన నెలన్నరకి టీఎస్‌హెచ్ 18కి దిగింది, ఇంకో రెండు నెలలకి నార్మల్. బ్లీడింగ్ మళ్ళీ రాలేదు. మూడు నెలల స్కాన్‌లో బుడగలు చాలావరకు పోయాయి, మిగిలిన పెద్దది సెంటీమీటరున్నర, తర్వాత అదీ లేదు. ప్రొలాక్టిన్ దిగింది కాబట్టి ఎమ్మారై తీయలేదు. సీఏ 125 నార్మల్, గుండె చుట్టూ నీరు లేదు, ఆరు నెలలకి ఛాతీ కూడా దాదాపు సమంగా అయిపోయింది. మొదటి ఏడాదిలో పదకొండున్నర సెంటీమీటర్లు పెరిగింది, బరువు మాత్రం మొదట్లో తగ్గింది, అది ఒంట్లో నీరు.

రెండు విషయాలు ముందే చెప్పి ఉంచడం మంచిదైంది. రెండో నెలలో జుట్టు కుచ్చులుగా ఊడుతుంది, పాత జుట్టు పోయి కొత్తది వస్తుంది, మందు మానొద్దు అని చెప్పాం, అలాగే ఊడింది, మానలేదు. ఇంకోటి అల్లరి. థైరాయిడ్ సరైపోగానే పిల్ల మేల్కొంటుంది, బంతిలా ఎగిరే చలాకీ పిల్ల కావాలి అనుకుంటాం గానీ అన్నాళ్ళు బొమ్మలా కూచున్న పిల్ల ఒక్కసారి బెంచీలు దూకితే టీచర్లు తట్టుకోలేరు. స్కూల్ నుంచి కంప్లెయింట్, మార్కులు కూడా ఒక టర్మ్‌లో తగ్గాయి. బుద్ధిమంతురాలు అని పేరు తెచ్చిపెట్టింది జబ్బు అని టీచర్‌కి ఉత్తరం రాసివ్వాల్సొచ్చింది.

నా దగ్గర పనిచేసే జూనియర్లకి ఈ కేసు నుంచి చెప్పేది కొద్దిగానే. తొందరగా ఈడొచ్చిన ప్రతి పిల్లకీ స్కాన్ కన్నా ముందు పొడుగు, మణికట్టు ఎక్స్‌రే, టీఎస్‌హెచ్. చిన్నపిల్ల ఓవరీల్లో రెండువైపులా బుడగలుంటే టీఎస్‌హెచ్ చూడకుండా థియేటర్‌కి పంపొద్దు. వెంట్రుకలు ఉన్నాయా లేవా అన్నది సిగ్గుపడి వదిలేయకుండా చూసి రాయండి, అది లేకపోతే ఈ పాపలో సగం ఆధారం పోయేది. మందు పనిచెయ్యకపోతే ఎవరు వేస్తున్నారో వాళ్ళతోనే మాట్లాడాలి, క్లినిక్‌కి తీసుకొచ్చినవాళ్ళతో కాదు.

తొమ్మిదేళ్ళ ఎనిమిది నెలలప్పుడు ఛాతీ మళ్ళీ మొదలైంది. ఈసారి ఎల్‌హెచ్ 0.6, అంటే మెదడు ఆర్డర్‌తోనే వస్తున్న నిజమైన ఈడు. చాన్నాళ్ళ థైరాయిడ్ లోపాన్ని సరిచేశాక ఎముక వేగంగా ముదిరి, పెరగాల్సినంత పెరక్కముందే మూసుకుపోయే ప్రమాదం ఉంది, అందుకే అప్పుడు ఇంజెక్షన్ వేద్దామా అని కుటుంబంతో కూచుని మాట్లాడాం. వద్దనుకున్నాం. తొమ్మిదిన్నర దాటాక ఛాతీ రావడం నార్మలే, ఎముక వయసు ఏడున్నర, ఇంకా రెండేళ్ళు వెనకే ఉంది, ఆ వయసులో ఇంజెక్షన్‌తో పొడుగులో వచ్చే లాభం అంతంతమాత్రం. బదులుగా ఆరు నెలలకోసారి మణికట్టు ఎక్స్‌రే, ఎముక పరిగెత్తడం మొదలెడితే మళ్ళీ ఆలోచిద్దాం అని.

మామ్మగారికి మాత్రం ఒక సందేహం మిగిలింది, అప్పుడు చేసిన వేడుక లెక్కలోకి వస్తుందా, ఇప్పుడు మళ్ళీ అయితే మళ్ళీ చెయ్యాలా అని. అది డాక్టర్ల పరిధిలో లేదని చెప్పా.

ఇప్పుడు పదేళ్ళ నాలుగు నెలలు, 128 సెంటీమీటర్లు, ఎముక వయసు ఎనిమిదిన్నర, వెంట్రుకలు ఇప్పుడే మొదలవుతున్నాయి, పీరియడ్ ఇంకా రాలేదు. హషిమోటో ఇంట్లో ఇంకొకరికి ఉండొచ్చని అమ్మకీ చెల్లికీ టీఎస్‌హెచ్ చేయిస్తే అమ్మకి 14 వచ్చింది, ఇప్పుడు పాపా అమ్మా ఇద్దరూ పొద్దున్నే ఒకే టైంకి మాత్ర వేసుకుంటున్నారు. తర్వాత ఎక్స్‌రే సంక్రాంతి సెలవుల్లో.